కార్తీకంలో ఇల్లు మారడం: తుపానుకు ముందురోజు వేళచ్చేరి నుంచి పరంగిమలైకి

చెన్నైలో అద్దె ఇల్లు మారాలనుకునేవాళ్లకు ఏడాది మొత్తంలో అనువైన నెలలు చాలా తక్కువ. జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా ఆడి మాసం, డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా మార్గళి. ఈ రెండు నెలల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి తమిళులు ఒప్పుకోరు. ఆషాఢమనీ ధనుర్మాసమనీ మనవాళ్లూ ఒప్పుకోరు. పురటాసిలోనూ, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా, చాలామంది వెనకాడతారు. బడికి వెళ్లే పిల్లలున్నవాళ్లు వేసవి సెలవుల్లోనే మారాలని చూస్తారు కానీ, అప్పుడు అందరూ అదే ప్రయత్నంలో ఉంటారు గనుక కోరుకున్న చోట ఇల్లు దొరకదు. వేసవిలో కుదరనివాళ్లలో చాలామంది చివరికి వచ్చి ఆగేది తమిళుల అయిప్పసి, కార్తిగై నెలల్లోనే, అంటే అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా. సరిగ్గా అవే ఈశాన్య రుతుపవనాలు ఈ ఊరిమీదికి వచ్చే రోజులు. చెన్నైలో ఏడాదికి కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. అంటే ఇక్కడ వానలో ఇల్లు మారడం ఎవరికో ఒకరికి పట్టే దురదృష్టం కాదు, క్యాలెండరే చాలామందిని అక్కడికి తెచ్చి నిలబెడుతుంది.

మేం 2024 నవంబరు చివరి వారంలో మారాం. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఫెంగల్ తుపాను రూపు కట్టింది. మా సామాను దించిన మర్నాడు రాత్రి అది పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఏ పని ముందు చేయాలి, ఏది వాయిదా వేయాలి, తడిస్తే పోయేవి ఏవి, తడిసినా ఫరవాలేనివి ఏవి అన్న లెక్కలు ఆ వారంలో నాకు చాలా దగ్గరగా తెలిశాయి. అటువంటి రోజుల్లో మారక తప్పనివాళ్లకు పనికివస్తాయన్న ఉద్దేశంతో వాటిని వివరంగా రాస్తున్నాను.

మేం వేళచ్చేరిలో నేల అంతస్తులో ఉండేవాళ్లం. మా వారి ఆఫీసుకు దగ్గర, అమ్మాయి బడికి దగ్గర, చుట్టుపక్కల నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి కనుక మా అత్తయ్యగారికి మాట్లాడుకునే మనుషులకు కొరత ఉండేది కాదు. ఇల్లు మంచిదే. నేలే పల్లం. ఒకప్పుడు చెరువు ఉన్న ప్రాంతం అది. అక్కడి వాననీరు పళ్లికరణై చిత్తడి నేలలోకి చేరి, అక్కడి నుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2022లో చోటు దక్కిన ఆ నేల ఇప్పుడు పూర్వపు విస్తీర్ణంలో లేదు. దానికి తోడు తుపాను వచ్చినప్పుడు సముద్రం పోటు మీద ఉంటుంది కనుక నీరు బయటికి పోవడానికి దారి ఉండదు. వాన ఆగినా వీధిలో నీరు తగ్గకపోవడానికి కారణం అదే. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్లలో ఉన్న మా బంధువులు మా కోసం, మేం వాళ్ల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు మా ఇంట్లోకి మురుగునీరు వచ్చింది, సంపులోకి కూడా దిగింది, కరెంటు చాలాకాలం రాలేదు. ఎనభై దాటిన పెద్దావిడను మేడమీది వాళ్లింట్లో దింపి, మేం మెట్లమీద కూర్చుని రాత్రులు గడిపాం. ఆ తరవాత ఆ ఇంట్లో మరో డిసెంబరు గడపకూడదని నిర్ణయించుకున్నాం.

వేసవిలో చూసిన ఇళ్లేవీ కుదరలేదు. ఒకచోట అద్దె ఎక్కువ, ఒకచోట మూడో అంతస్తుకు నిటారు మెట్లు, ఒకచోట మాంసాహారం గురించిన ప్రశ్నలు. వెతుకుతూ ఉండగానే అక్టోబరు వచ్చింది. ఆ నెల నడుమ రెడ్ అలర్ట్ ప్రకటించినప్పుడు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలిపిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అందులో మా వీధివాళ్ల కార్లూ ఉన్నాయి. కిందటేడు బండి ఇంజన్లోకి నీరు పోయి బాధపడినవాళ్లు ముందుజాగ్రత్తగా చేసిన పని అది. దాన్ని వింతగా చూపించినవాళ్లున్నారు గానీ నాకు అందులో వింత ఏమీ కనబడలేదు.

వానాకాలంలో ఇల్లు వెతకడంలో ఒక మేలు ఉంది. వేసవిలో కనబడని లోపాలన్నీ వానలో కనబడతాయి. అందుకని మేం కావాలనే వాన పడుతున్న రోజున, లేదంటే వాన వెలిసిన మర్నాడు ఇళ్లు చూడటానికి వెళ్లేవాళ్లం. వీధిలో నీరు ఎటు పారుతోంది, గేటు ముందు నిలుస్తోందా, మెట్ల కింద కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయి, సంపు మూత నేలమట్టానికి పైన ఉందా, కిటికీ చెక్కల అడుగున గోడ ఉబ్బిందా, డాబా నుంచి దిగే గొట్టం దగ్గర చెమ్మ ఉందా అని చూసేవాళ్లం. కొత్తగా సున్నం వేసిన గోడ అయితే అరచేయి ఆనించి చూడమని మా అత్తయ్యగారు చెప్పారు. చెమ్మ ఉన్న గోడ పొడిగా కనబడినా చల్లగా తగులుతుంది. ఒకచోట పడగ్గది మూలన చెయ్యి పెట్టగానే తేడా తెలిసింది. బీరువా అక్కడే పెట్టుకోవచ్చునని బ్రోకరు అంతకుముందే చెప్పి ఉన్నాడు.

చివరికి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, అంటే పరంగిమలై వాలులో, రెండో అంతస్తు కుదిరింది. కొండ పక్క కనుక నేల ఎత్తు. వాన పడుతుండగా వెళ్లి చూసినప్పుడు వీధిలో నీరు పారుతోంది కానీ ఎక్కడా నిలవడం లేదు. లిఫ్టు లేదు. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉన్నాయి గనుక పెద్దావిడ మెల్లగా ఎక్కగలరు. డిసెంబరు 1 నుంచి అద్దె లెక్క. వేళచ్చేరి ఇంటివారికి నెల ముందే చెప్పాం. వాళ్లు మార్గళి రాకముందే మరొకరికి ఇవ్వాలి కనుక నెలాఖరుకు తాళాలు కావాలన్నారు. అడగడంలో తప్పు లేదు.

తేదీ దగ్గరే చిక్కు వచ్చింది. నెలాఖరు 30వ తేదీ శనివారం. ఆఫీసుకు సెలవు, లారీ కూడా మాట్లాడేశాం. శనివారం పగలే అమావాస్య ప్రవేశిస్తుందని అత్తయ్యగారు పంచాంగం చూసి చెప్పారు. తమిళులకు అమావాస్య మంచి రోజు, కొత్త పనులకు పట్టింపు లేదు. కొత్త ఇంటివారు ఆ రోజే రమ్మని సంతోషంగా అన్నారు. మనకు అది పనికిరాదు. పోనీ శుక్రవారం అనుకుంటే, లక్ష్మీదేవికి ఇష్టమైన రోజున ఇల్లు ఖాళీ చేయడమేమిటని ఆవిడ బాధపడ్డారు. ఆవిడ మాటను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, అరవై ఏళ్లు సంసారం నడిపిన మనిషికి కొత్త ఇంట్లో మొదటి రాత్రి మనసు కుదురుగా ఉండాలి.

ఈలోగా 25వ తేదీ నుంచి వాతావరణ శాఖ ప్రకటనలు మొదలయ్యాయి. అవి రోజుకో రకంగా మారాయి. 27న తుపానుగా బలపడుతుందన్నారు, బలపడలేదు. ఆ తరవాత తుపాను కాకుండానే తీరం దాటవచ్చునన్నారు. తీరా 29 మధ్యాహ్నానికి అది తుపానుగా మారి ఫెంగల్ అనే పేరు పెట్టించుకుంది. సముద్రం మీద అంత నెమ్మదిగా కదిలే వాయుగుండం విషయంలో ఆ మాత్రం మార్పు సహజం. ఆ అనిశ్చితిలోనూ మారని మాట ఒకటి ఉంది: శనివారం చెన్నైకి, చుట్టుపక్కల జిల్లాలకు చాలా భారీ వాన. పసుపు రంగు హెచ్చరిక అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలని. ఒక్కరోజులో 20 సెంటీమీటర్లు దాటితే అతి భారీ వర్షం కింద లెక్క. అంత వానలో లారీ తలుపు తెరిచి బీరువా దించగలమని అనుకోవడం సాహసం కాదు, ఆ బరువు మోసే కూలీల ప్రాణాలతో చెలగాటం. నీళ్లు నిలిచిన వీధిలో మూత లేని మ్యాన్‌హోల్ కనబడదు, తెగిపడిన కరెంటు తీగ కనబడదు. కొత్త ఇంటికి చేరాలన్న ఆత్రం మాది. గుంటలో కాలు పడేది మాత్రం వాళ్లది.

కాబట్టి శుక్రవారమే మారాలని నిర్ణయించుకున్నాం. అత్తయ్యగారి కోసం ఒక దారి ఆలోచించాం. గురువారం త్రయోదశి, మంచిరోజు. ఆ ఉదయమే దేవుడి పటాలు, ఉప్పు, పసుపు, బియ్యం, కొత్త చీపురు, పాలగిన్నె కారులో పెట్టుకుని కొత్త ఇంటికి వెళ్లి పాలు పొంగించాం. మా లక్ష్మి గురువారమే ఇల్లు చేరింది, శుక్రవారం కదిలేది వట్టి సామానేనని ఆవిడే అన్నారు. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ బరువు దిగింది. దానివల్ల మరో ప్రయోజనం కూడా కలిగింది. ఆ పూట అక్కడ గడపడంవల్ల వంటింటి కిటికీ రెక్క సరిగా పట్టడం లేదనీ, బాల్కనీ తూము ఆకులతో మూసుకుపోయిందనీ తెలిసింది. తుపానుకు ముందే రెండూ బాగు చేయించుకున్నాం.

ఇక సర్దడం. మామూలు రోజుల్లో పగలకుండా సర్దితే చాలు, వానలో తడవకుండా సర్దాలి. ఈ రెండూ ఒకటి కావు. మామూలుగా అందరూ వాడే అట్టపెట్టె చెమ్మకు మెత్తబడుతుంది. అడుగు తడిస్తే, ఎత్తగానే లోపలి సామాను కిందికి జారిపోతుంది. టేపు కూడా తడి అట్టకు అంటుకోదు. అందుకని బరువైన వస్తువులకు అట్టపెట్టెలు మానేశాం. వంటసామాను, పుస్తకాలు ప్లాస్టిక్ క్రేట్లలోకి వెళ్లాయి. బట్టలన్నీ, దాచిపెట్టిన ప్లాస్టిక్ బియ్యం సంచులను తిరగేసి దులిపి, వాటిలో కుక్కి మూతులు కుట్టాం. అట్టపెట్టె వాడక తప్పని చోట, ముందు లోపల పెద్ద చెత్తసంచి పరిచి, సామాను అందులో పెట్టి మూతి ముడివేసి, ఆ తరవాతే పెట్టె మూశాం. చాలామంది పెట్టెకు బయట ప్లాస్టిక్ చుడతారు. అది ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, ఆ చిరుగులోంచి దిగిన నీరు బయటికి రాలేక లోపలే నిలుస్తుంది. ప్లాస్టిక్ లోపల ఉంటే పెట్టె పాడైనా వస్తువు దక్కుతుంది.

చెక్కసామానులో అసలు తేడా తడి రోజుల్లో తెలుస్తుంది. మా మామయ్యగారు చేయించిన టేకు మంచం వానలో తడిసినా గుడ్డపెట్టి తుడిస్తే సరిపోతుంది. ఆన్‌లైన్లో కొన్న పుస్తకాల అర, అమ్మాయి చదువుకునే బల్ల అలా కాదు. అవి చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసిన పలకలు. పైన నిగనిగలాడే పూత ఉంటుంది కానీ, నేలకు ఆనే అడుగు అంచుకు ఆ పూత ఉండదు. నీరు అక్కడినుంచి పైకి పీల్చుకుని పలక రొట్టెలా ఉబ్బుతుంది, మళ్లీ పూర్వపు ఆకారానికి రాదు. మిచాంగ్ నీళ్లలో మా టీవీ స్టాండు అలాగే పోయింది. ఈసారి వాటన్నిటినీ పడుకోబెట్టి, అడుగు అంచులకు గోధుమరంగు టేపు రెండు వరసలు అంటించాం. పరుపులకు జిప్పు ఉన్న ప్లాస్టిక్ తొడుగులు కొన్నాం. సోఫాలకు సాగే ప్లాస్టిక్ రేకు చుట్టేముందు, గాలికి చేరిన చెమ్మ పోయేలా ఫ్యాను కింద ఉంచి, పొడిగుడ్డతో తుడిచాం. తడి ఉండగా చుడితే లోపల బూజు పడుతుంది.

ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, నగలు, మందులు, ఫోన్ ఛార్జర్లు మూతిబిగువు సంచుల్లో పెట్టి ఒకే భుజాల బ్యాగులో సర్దాం. ఆ బ్యాగు మా వారి వీపు మీద నుంచి దిగలేదు. లారీ ఎక్కని వస్తువులు మరో రెండు రకాలు. ఒకటి ఇన్వర్టర్ బ్యాటరీ. అందులో యాసిడ్ ఉంటుంది, వంగకూడదు. రెండోది అత్తయ్యగారి ఊరగాయ జాడీలు.

జాడీల గురించి కాస్త చెప్పాలి. ఆవకాయ, మాగాయ, గోంగూర మూడూ నిండుగా ఉన్నాయి. ఆవకాయకు నూనె పైకి తేలి ముక్క మునిగి ఉన్నంతకాలం ఏమీ కాదు. ఒక్క చుక్క వాననీరు పడినా పైన తెల్లటి బూజు తేలుతుంది. అత్తయ్యగారు ముందురోజు రాత్రి ఒక్కొక్క జాడీనీ విప్పి, నూనె సరిపోయిందో లేదో చూసి, ఆవకాయలో మరో గరిటెడు నువ్వులనూనె కాచి చల్లార్చి పోశారు. నోటికి ఉతికిన తెల్లటి గుడ్డ, దాని మీద మందమైన ప్లాస్టిక్ కాగితం, మళ్లీ గుడ్డ వేసి పురికొసతో బిగించి కట్టారు. ముడి పక్కకు రాకుండా మెడ చుట్టూ మూడు చుట్లు తిప్పి, చివర లోపలికి దోపారు. ఆ వేళ్లు అప్పటికే వణుకుతున్నాయి, కానీ ముడి మాత్రం వదులు కాలేదు. కారులో వాటిని బకెట్లలో నిలబెట్టి, చుట్టూ తువ్వాళ్లు కుక్కి, ఆవిడ పక్కన కూర్చున్నారు. మూడు జాడీలూ చుక్క కారకుండా చేరాయి.

లారీ విషయంలో కూడా ఆలోచించాం. టాటా ఏస్ చిన్న ట్రక్కుకు, ఇక్కడివాళ్లు దాన్ని కుట్టి యానై (పిల్ల ఏనుగు) అంటారు, అద్దె తక్కువ. పట్టా కట్టినా పక్కలనుంచి జల్లు కొడుతుంది. అందుకని తలుపులు మూసే 14 అడుగుల కంటైనర్ లారీ మాట్లాడాం. దారి గురించి కూడా డ్రైవరుతో ముందే అనుకున్నాం. ఇన్నర్ రింగ్ రోడ్డు దగ్గరి దారి, కానీ మధ్యలో తిల్లై గంగా నగర్ సబ్‌వే ఉంది. గట్టివాన పడితే అందులో నీరు నిలుస్తుంది. లారీ నిండా సామానుతో దాని ముందు ఇరుక్కుంటే వెనక్కి తిప్పే చోటు ఉండదు. గిండి మీదుగా కత్తిపార ఫ్లైఓవర్ ఎక్కి వెళితే దూరమైనా నీటికి ఎగువన ఉంటాం.

శుక్రవారం తెల్లవారుజామునే కూలీలు వచ్చారు. వాళ్లు ఒడిశాలోని బరంపురం వైపు కుర్రాళ్లు. మా ఇంట్లో మాటలు వినగానే వాళ్లలో పెద్దవాడు తెలుగులో, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాడు. ఆ ప్రాంతంలో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కనుక ఆశ్చర్యం లేదు గానీ, ఆ పూట అది మాకు చాలా ఊరట. ఎందుకంటే పనిలో సగం మాటమీదే నడుస్తుంది: ఏది ముందు, ఏది తరవాత, ఏది తిరగేయకూడదు. ఆకాశం మబ్బుగా ఉంది, గాలి మొదలైంది, సన్నటి జల్లు వచ్చి పోతోంది. నేను మంచాలు ముందు ఎక్కించమన్నాను. అతను ఒప్పుకోలేదు.

"జల్లు ఆగి ఉందమ్మా ఇప్పుడు. ఈ సందులో ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, పరుపులు ఎక్కించేస్తాం. మంచాలు తడిసినా ఏమీ కాదు."

అతని లెక్కే సరైనది. అదే పద్ధతిలో నేను ఫోన్లో వాతావరణ శాఖ రేడార్ చిత్రం చూస్తూ, సముద్రం మీది నుంచి వచ్చే వానపట్టీ ఊరికి ఎంత దూరంలో ఉందో చెబుతుంటే, వాళ్లు దాన్ని బట్టి సున్నితమైనవి తీయడమో, ఇనుపసామాను తీయడమో చేశారు. తుపాను వాన ఏకధాటిగా ఉండదు, పట్టీలు పట్టీలుగా వస్తుంది. రెండు పట్టీల మధ్య దొరికే వ్యవధి పరుపులు వీధి దాటించడానికి చాలు.

వాషింగ్ మిషను గొట్టంలో మిగిలిన నీరంతా ముందురోజే దింపేశాం. ముందునుంచి తలుపు తెరిచే రకం గనుక డ్రమ్మును బిగించే బోల్టులు పెట్టించాం. ఫ్రిజ్జును నిలువుగానే లారీ గోడకు ఆనించి కట్టారు. ఏసీని మెకానిక్ ముందురోజు విప్పాడు; గ్యాసు మొత్తం బయటి యూనిట్లోకి లాగి మూసి, రాగి గొట్టాల మూతులకు టేపు వేశాడు. ఆ గొట్టాల్లోకి తేమ దిగితే తరవాత కంప్రెసరుకే నష్టం.

కొత్త ఇంటి దగ్గర దించడంలో మెట్లే అసలు సమస్య. తడి చెప్పులతో పైకీ కిందికీ తిరిగేసరికి గ్రానైటు మెట్లు నూనె పూసినట్టు జారసాగాయి. పాత గోనెసంచులు చీల్చి మెట్ల మీద పరిచి, మలుపులో ఒకటి కట్టి ఉంచాం. గుమ్మం దగ్గర రెండు పాత దుప్పట్లు వేసి, మోసేవాళ్లు కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చేలా చేశాం. లేదంటే లోపలి నేలంతా బురదై, పెట్టెల అడుగులన్నీ తడిసేవి. పెట్టెలు ఏవీ నేలమీద పెట్టించలేదు. మంచాల చట్రాలు ముందు పరిచి, వాటిమీద పేర్పించాం. మధ్యాహ్నం వేడివేడి పప్పుచారు, బంగాళాదుంప వేపుడుతో భోజనం పెట్టి, కాసేపు పడుకోమన్నాను. తొందరపెడితే సాయంత్రానికి వాన ముదురుతుందన్న భయం నాకూ ఉంది. అయినా అలిసిన కాళ్లతో తడి మెట్లమీద బీరువా మోయమనడం కన్నా ఆ భయమే నయం. చీకటి పడేలోపు పని పూర్తయింది. మాట్లాడుకున్న కూలికి పైన కొంత ఇచ్చి, ఆ రాత్రి, మర్నాడు ఎవరు పిలిచినా పనికి వెళ్లవద్దని, గది దాటవద్దని చెప్పాం. శనివారం పని ఒప్పుకున్నామని, వెళ్లకపోతే మేస్త్రీ కూలి కోస్తాడని పెద్దవాడు అన్నాడు. మా వారు మేస్త్రీకి ఫోన్ చేసి మాట్లాడారు. మర్నాటి ఇంటివాళ్లు కూడా వాయిదాకు ఒప్పుకున్నారని రాత్రి మేస్త్రీయే ఫోన్ చేసి చెప్పాడు.

శనివారమంతా వాన కురిసింది. మధ్యాహ్నం నుంచి విమానాశ్రయం మూసేశారు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు), ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద బస్సులు ఆపేశారు. మా వీధిలో నీరు పారింది, నిలవలేదు. కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. బ్యాటరీ చేరినా ఇన్వర్టర్ బిగించలేదు. తడి గోడ, తెలియని వైరింగ్, కొత్త చోటు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ముట్టుకోవద్దని అనుకున్నాం. ఫ్రిజ్జు ప్రయాణంలో కదిలిన కంప్రెసర్ నూనె మళ్లీ అడుగుకు చేరేదాకా ప్లగ్గు పెట్టలేదు. టీవీ, కంప్యూటర్ల సంచులు విప్పి గాలి తగలనిచ్చాం. లోపల పట్టిన ఆవిరి పోకుండా ఆన్ చేయకూడదు. పడగ్గది కిటికీ కింది నుంచి నీరు సన్నటి ధారగా దిగింది. ఇంటివారికి వెంటనే వీడియో తీసి పంపాం. ఆయన వాన తగ్గగానే తాపీమేస్త్రీని పంపి, బయటివైపు పగులు పూడ్పించారు. వేసవిలో చెబితే ఎంతమంది నమ్ముతారో తెలియదు గానీ, నీరు కారుతుండగా చూపిస్తే ఎవరూ కాదనలేరు.

సోమవారం పాత ఇంటికి తాళాలు ఇవ్వడానికి వెళ్లాం. వీధిలో ఇంకా పాదాలు మునిగేంత నీరుంది. గడపకింది మెట్టుదాకా వచ్చి తగ్గిన గుర్తు గోడమీద కనబడింది. లోపలికి మాత్రం రాలేదు. ఇంటివారితో కలిసి కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసుకున్నాం. తమిళనాడులో బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది కనుక ఈ ఫొటో లేకపోతే తరవాత వాదనలు వస్తాయి. రంగులకని ఇక్కడి అలవాటు ప్రకారం ఒక నెల అద్దె పట్టుకుని, మిగతా అడ్వాన్సు అప్పటికప్పుడే బ్యాంకులో వేశారు. మాకు ఆ ఇంటివారితో ఏ పేచీ లేదు. నీటి సమస్య ఆ ఒక్క ఇంటిది కాదు, పేట మొత్తానిది.

తరవాత చాలాకాలం ఇల్లు ఆరబెట్టే పనే. బియ్యం సంచుల్లోని బట్టలు పొడిగా ఉన్నాయి. పుస్తకాలు బాగున్నాయి, కానీ గాలిలోనే తేమ ఉంది కనుక వెంటనే అరలో ఇరికించకుండా నిలబెట్టి ఉంచాం. బీరువా వెనకవైపు గీతపడిన చోట తుప్పు మొదలైతే గీకి రంగు వేయించాం. అమ్మాయి బల్ల ఒక కాలు దగ్గర టేపు ఊడి కొద్దిగా ఉబ్బింది, పనికైతే వస్తోంది. ఏసీ బిగించడం మాత్రం ఎండ కాసే రోజు దాకా ఆపాం. గొట్టాల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగిన తరవాతే గ్యాసు వదలమని మెకానిక్‌కు చెప్పి, అతను ఆ పని చేసేదాకా పక్కనే నిలబడ్డాను.

చివరగా అద్దె ఒప్పందం. అలవాటు ప్రకారం 11 నెలలకు రాస్తే, డిసెంబరు 1న మొదలైనది అక్టోబరు 31న ముగుస్తుంది. అంటే ఏ కారణంగానైనా కొనసాగించకపోతే, మళ్లీ ఈశాన్య రుతుపవనాల నడిబొడ్డున పెట్టెలు కట్టాలి. ఈ మాట ఇంటివారికి చెప్పి, మొదటి ఒప్పందం ఏప్రిల్ 30 దాకా మాత్రమే, తరవాత మే 1 నుంచి 11 నెలలకు రాసుకుందామని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించారు. వేసవిలో ఖాళీ అయితే తనకూ ఇల్లు చూపించడం తేలికేనన్నారు. ఆ ప్రకారమే రాసుకున్నాం. అలా 2025 మే 1 నుంచి రాసుకున్న ఒప్పందానికి ముగింపు తేదీ 2026 మార్చి 31. 11 నెలల లెక్కలో ముగింపు తేదీ ప్రతిసారీ ఒక నెల ముందుకు జరుగుతుంది కనుక, అది మళ్లీ మార్గళిలోకి, వానల్లోకి చేరకముందే ఇంకోసారి సరిచేసుకోవాలన్న మాట కూడా ఇద్దరం ముందే అనుకున్నాం.